నాలుగు గీతలు, కొన్ని అంకెలు

"ఏమిట్రా ఇది, పాలవాడి పద్దులా ఉంది?"

ఆర్నెల్లు ఉందామని వచ్చిన మా అమ్మ, ఇల్లంతా ఓసారి తనిఖీ చేసి, ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం దగ్గర ఆగి అడిగిన ప్రశ్న ఇది. అడగడంలో తప్పేం లేదు. ఆ కాగితం మీద నాలుగేసి అడ్డగీతలు, వాటి మీద అక్కడక్కడా 3, 5, 5, 2, 0 అంటూ అంకెలు తప్ప ఇంకేం లేవు. ఎవరు చూసినా ఏ రోజు ఎన్ని పాలపాకెట్లు తీసుకున్నామో రాసుకున్నారనే అనుకుంటారు.

"పాటమ్మా అది" అన్నాను.

అమ్మ నావైపు ఓ చూపు చూసింది. నేను ఇంటర్లో లెక్కల మార్కులు చెప్పినప్పుడు చూసిన చూపే.

సరే, కథ మొదట్నుంచీ చెప్తాను. రెండేళ్ళ కిందట ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముతుంటే ఓ పాత బేస్ గిటార్ కొన్నాను. ఇంతమంది గిటార్ నేర్చుకుంటుంటే నువ్వు బేస్ ఎందుకు కొన్నావని ఇప్పటికీ అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే, గిటార్‌కి ఆరు తీగలు, దీనికి నాలుగే. పని మూడోవంతు తగ్గుతుందనుకున్నా. సాఫ్ట్‌వేర్ బుర్ర మరి! తరవాత తెలిసొచ్చిందనుకోండి, తగ్గినవి తీగలే కానీ పని కాదని.

బేస్ గిటార్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పాటలో తబలా, డ్రమ్స్ కింద, మామూలుగా మనం పట్టించుకోని చోట, "డుం... డుడుం" అని కడుపులో తగిలే శబ్దం ఒకటి ఉంటుంది చూడండి, అది బేస్. అది ఉన్నప్పుడు ఉందని తెలీదు, తీసేస్తే పాట గాల్లో తేలిపోతుంది. పూర్వం ఈ పని డబుల్ బేస్ చేసేది. మనిషంత ఎత్తు, మెట్లు ఉండవు, చెవి గట్టిగా ఉంటేనే స్వరం సరిగ్గా పలుకుతుంది. 1930ల్లో సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన దీన్ని గిటార్‌లా చేతుల్లో పట్టుకునేట్టు మెట్లు పెట్టి చేశాడు గానీ అది పెద్దగా నడవలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ చేసింది మాత్రం ప్రపంచాన్ని పట్టేసింది. దాని పేరు ప్రెసిషన్ బేస్. మెట్లున్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. అంటే నాలాంటి చెవిలేని వాళ్ళు కూడా బతికేయొచ్చని అర్థం!

మెట్లుంటే ఇంకో సౌకర్యం ఉంది. మెట్టుకో నంబరు ఇవ్వొచ్చు. ఏ తీగ, ఎన్నో మెట్టు అని చెప్తే చాలు, స్వరం పేరు తెలియక్కర్లేదు. ఆ ఫ్రిజ్ మీద కాగితం ఈ సౌకర్యమే. దీన్ని ట్యాబ్లేచర్ అంటారు, ముద్దుగా ట్యాబ్. అమ్మకి అర్థం అవ్వాలని మాయామాళవగౌళలో మొదటి సరళి వరస ఆరోహణ ఇలా రాసి చూపించాను:

జి |-------------4-5-|
డి |-----2-3-5-6-----|
ఏ |-3-4-------------|
ఇ |-----------------|

ఒక్కో గీత ఒక్కో తీగ. అంకె మెట్టు నంబరు. సున్నా ఉంటే ఉత్త తీగ మీటాలి. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోవాలి. ఏ తీగ మీద మూడో మెట్టు స, నాలుగో మెట్టు రి, తరవాత డి తీగ మీదకి వెళ్తే రెండో మెట్టు గ, మూడు మ, అయిదు ప, ఆరు ద... అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఓ నిమిషం చూసింది. తరవాత గోడకి ఆనించిన బేస్ తీసుకుని, సోఫా మీద కాదు, కింద కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూచుని, దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. మా అమ్మ పెళ్ళికి ముందు విజయనగరంలో ఏడేళ్ళు వీణ నేర్చుకుంది. పెళ్ళయ్యాక వీణ అటక ఎక్కింది, అటక మీంచి ఎవరో బంధువుల ఇంటికెళ్ళింది, మళ్ళీ రాలేదు. మన ఇళ్ళల్లో చాలా వీణల కథ ఇదే కదా.

కింద కూచుని నేను రాసింది చూసుకుంటూ స-రి-గ-మ-ప-ద-ని-స మీటింది. "ఇది వీణేరా! అడ్డగోలుగా శృతి చేశారంతే" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కూచుని లెక్క వేస్తే అమ్మ చెప్పింది నిజమే. వీణకీ వాయించే తీగలు నాలుగే. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళం కోసం మూడు ఉంటాయి, అవి వేరే. నాలుగూ స-ప-స-ప అని ఉంటాయి కాబట్టి ఒక తీగకీ పక్క తీగకీ తేడా 5 మెట్లు, 7 మెట్లు, మళ్ళీ 5 మెట్లు. బేస్‌కి ఎటు చూసినా 5 మెట్లే. బేస్ మెట్లు కర్రలోకి దిగ్గొట్టి ఉంటాయి, వీణ మెట్లు మైనం మీద కూచుంటాయి. వీణకి 24 మెట్లు ఇలా కదలకుండా స్థిరంగా బిగించే పద్ధతి తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో వచ్చిందంటారు. ఆయన 1600 నుంచి 1634 దాకా ఏలాడు, తెలుగు రాజు, స్వయంగా వైణికుడు. మెట్లు స్థిరపడ్డాకే, ఆయన మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి ఆ పన్నెండు స్వరస్థానాల మీద లెక్క కట్టి 72 మేళకర్తలు తేల్చాడు. ఒక మధ్యమానికి రి-గ జంటలు ఆరు, ద-ని జంటలు ఆరు, మధ్యమాలు రెండు. 6 × 6 × 2. డిస్క్రీట్ మాథ్స్ పరీక్షలో ఇది చెప్పుంటే మా ప్రొఫెసర్ రెండు మార్కులు ఎక్కువే వేసేవాడు.

మరి మెట్టుకి నంబరు ఇవ్వాలన్న ఆలోచన ఎవరిది? ఇది ఇంటర్నెట్ కుర్రాళ్ళ సోమరి కనిపెట్టు అనుకునేవాణ్ణి. కాదుట. 1507లో వెనిస్‌లో పెత్రుచ్చి అనే ముద్రాపకుడు స్పినచినో అనే ఆయన ల్యూట్ పుస్తకం అచ్చు వేశాడు. ల్యూట్ అంటే అరబ్బుల ఊద్‌కి యూరప్ చుట్టం. అందులో ఉన్నవి అచ్చంగా ఇవే, గీతలు, గీతల మీద అంకెలు. ఫ్రెంచి వాళ్ళు అంకెలకి బదులు అక్షరాలు వాడారు. జర్మన్ వాళ్ళకి గీతలే లేవు, ప్రతి తీగ మీద ప్రతి మెట్టుకీ ఒక విడి గుర్తు. ఆ పద్ధతి కనిపెట్టింది కొన్రాడ్ పౌమన్ అనే పుట్టుగుడ్డి అని 1511లో విర్డుంగ్ రాశాడు. కళ్ళు లేని మనిషి కళ్ళున్నవాళ్ళకి లిపి చేసిపెట్టడం! చూపు లేనివాడికి స్వరం ఎప్పుడూ వేలి కింద ఉన్న చోటే కదా అనుకుంటే ఆశ్చర్యం తగ్గుతుంది.

ఇక్కడ నా సొంత పరువు సంగతి ఒకటి చెప్పాలి. మొదటి వారం అంతా ట్యాబ్ తలకిందులుగా చదివాను. గిటార్ పట్టుకుంటే నేలవైపు ఉండేది సన్న తీగ, కాగితం మీద అట్టడుగు గీత మాత్రం లావు తీగ. నేను చేతిలో ఎలా ఉంటే కాగితం మీదా అలాగే అనుకున్నా. ఇంగ్లీషు పాట ఒకటి వాయిస్తుంటే కొత్త రాగం పుట్టిందని సంబరపడ్డాను కూడా! తరవాత చదివితే తేలిందేమంటే, ఆనాటి ఇటలీ ట్యాబ్‌లో పై గీతే లావు తీగ, చేతిలో ఉన్నట్టే. 1536లో స్పెయిన్‌లో లూయిస్ మిలాన్ తన పుస్తకంలో దాన్ని తిరగేశాడు, ఇవాళ మనం వాడేది ఆ వరసే. కాబట్టి నాది తప్పు కాదు, అయిదొందల ఏళ్ళు ఆలస్యంగా పుట్టడం అంతే.

సరే, అసలు విషయానికొస్తాను. ట్యాబ్‌లు దింపుకుని అయిదారు ఇంగ్లీషు పాటలు వాయించడం వచ్చాక, మన పాటలు వాయించాలనిపించింది. ఇళయరాజా 'గీతాంజలి' (1989) క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్న ఇల్లు మాది. రాజా గారి పాటల్లో బేస్ ఊరికే కింద కూచుని తాళం వెయ్యదు, పాట పక్కన ఇంకో పాటలా నడుస్తుంది. ఆయన మొత్తం స్టాఫ్ నొటేషన్‌లో రాసి వాద్యకారులకి పంచుతారు. ఏళ్ళ తరబడి ఆయన దగ్గర బేస్ వాయించినాయన శశిధరన్. ఆ కాగితాలు మనకి దొరకవు, నేను వెతికిన పాటకి ట్యాబూ దొరకలేదు. పాటని సగం వేగానికి తగ్గించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నాలుగు రాత్రులు కూచుని నేనే రాసుకున్నాను. ఫ్రిజ్ మీద ఉన్నది అదీ.

అంకెలన్నీ సరే. నేను వాయిస్తే మాత్రం పాట రాలేదు.

ట్యాబ్ వేలు ఎక్కడ పెట్టాలో చెప్తుంది. ఎంతసేపు పెట్టాలో చెప్పదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతాలా, జారాలా, మధ్యలో ఊపిరి తీసుకోవాలా... ఇవేవీ అంకెలో లేవు. పాతకాలపు ల్యూట్ పుస్తకాల్లో పైన కాలమానం గుర్తులైనా ఉండేవి, టైపు కొట్టిన ట్యాబ్‌ల్లో చాలావాటికి అదీ లేదు. పాట ముందే చెవిలో ఉన్నవాడికే ఈ కాగితం పనికొస్తుంది. లేనివాడికి నిజంగానే పాలవాడి పద్దు.

ఇది నేను వాపోతుంటే అమ్మ లోపలికెళ్ళి సూట్‌కేసులోంచి ఒక నోట్‌బుక్ తెచ్చింది. ఆవకాయ సీసాకీ చీరలకీ మధ్య ఒత్తిపెట్టి తెచ్చుకుంది, ఎందుకు తెచ్చుకుందో అప్పటిదాకా చెప్పలేదు. డెబ్భైల నాటి రూళ్ళ పుస్తకం, అట్ట పోయి క్యాలెండర్ కాగితం అట్ట వేసి ఉంది. లోపల అమ్మ పెళ్ళికాని రోజుల గుండ్రటి దస్తూరీలో స్వరాలు. గీతాలు, వర్ణాలు, కొన్ని కృతులు. మధ్యలో భైరవి రాగం అట తాళ వర్ణం, పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి "విరిబోణి". సంగీతం నేర్చుకున్నవాళ్ళకి దాని సంగతి చెప్పక్కర్లేదు. పద్ధెనిమిదో శతాబ్దపు తంజావూరులో ఒక వాగ్గేయకారుడు కట్టిన ఈ వర్ణాన్ని, ఇప్పటికీ కచేరీ మొదట్లో పాడి విద్వాంసులు తమ పస చూపించుకుంటారు.

"ఇది మాస్టారు ఆఖర్న చెప్పింది. పెళ్ళి కుదిరిన నెల. దీన్ని నువ్వు నీ అంకెల్లోకి మార్చగలవా?" అంది.

మార్చడం ఎంతసేపు! స్వరం నుంచి మెట్టుకి మార్చడం పది లైన్ల ప్రోగ్రాం. పావుగంటలో మార్చి ఇచ్చాను. అమ్మ మీటింది. ఆగింది. మళ్ళీ మీటింది.

"స్వరాలు ఇవే. భైరవి లేదు."

"మరి ఎలా వాయించాలో రాసుకోలేదా?"

"అది రాసుకునేది కాదనేవారు మాస్టారు. చేతిలో ఉంటుందనేవారు." కాసేపాగి, "నా చేతిలోంచి పోయింది" అంది.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన దగ్గర ఆ వర్ణం నేర్చుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అంటే అమ్మకి తెలీదు. ఇంజనీర్ని కాబట్టి నాకు వెంటనే తట్టిన పోలిక, డాక్యుమెంటేషన్ లేని ప్రాజెక్టు, అది తెలిసిన ఒక్కడూ వెళ్ళిపోయాడు. పోలిక చెప్పలేదు లెండి. అమ్మ ముఖం చూస్తే చెప్పాలనిపించలేదు.

ఆ రాత్రి నుంచి నా వెతుకులాట మారింది. వేలి కదలికని కూడా రాయాలని మనవాళ్ళకి ఎవరికీ తోచలేదా?

తోచింది. 1609లోనే తోచింది. సోమనాథుడనే పండితుడు 'రాగవిబోధం' అని సంస్కృతంలో ఒక గ్రంథం రాశాడు. ఆంధ్రుడు, రాజమహేంద్రవరం వైపువాడని చెబుతారు. దాని చివరి ప్రకరణంలో యాభై దాకా రాగాలకి వీణ మీద వాయించే వరసలు స్వరాల్లో ఇచ్చి, వాటితో పాటు తీగ లాగడం, జార్చడం, కొట్టడం, తాకి వదలడం లాంటి ఇరవైకి పైగా వాదన భేదాలకి ఒక్కో గుర్తు పెట్టాడు. వెనిస్‌లో ల్యూట్ పుస్తకం అచ్చయిన శతాబ్దానికి, వాళ్ళ ఊసే తెలియకుండా, గోదావరి వైపు మనిషి ఇంకో కొస నుంచి అదే ఊరికి బయల్దేరాడన్నమాట. అక్కడివాళ్ళు వేలు ఎక్కడుండాలో రాశారు, ఈయన వేలు ఏం చెయ్యాలో రాశాడు. కానీ ఆ గుర్తులు తరవాత ఎవరూ అందుకోలేదు. గురువు ఎదురుగా ఉన్నంతకాలం గుర్తులతో పనేముంది?

గురువు ఉండడేమోనన్న భయం పట్టుకున్నాక వచ్చిన పుస్తకం ఇంకోటి ఉంది. 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని', 1904, ఎట్టయాపురం. రాసింది సుబ్బరామ దీక్షితులు, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకి మనవడు, దత్తపుత్రుడు కూడా. ఊరు తమిళ ఊరు, ఇంటి భాష తమిళం, పుస్తకం మాత్రం తెలుగులో, తెలుగు లిపిలో. అప్పటికి దక్షిణాదిన సంగీతం భాష అదే కాబట్టి.

ఈ పుస్తకం వెనక ఇంకో మనిషి ఉన్నాడు. చిన్నస్వామి మొదలియార్. మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగి, క్రైస్తవుడు, పాశ్చాత్య సంగీతం బాగా తెలిసినవాడు. మన కృతులు ఇలా నోటి మాట మీద ఉంటే పోతాయని దిగులుపడి, 1890ల్లో వాటిని స్టాఫ్ నొటేషన్‌లో అచ్చు వెయ్యడం మొదలుపెట్టాడు. సొంత డబ్బు పెట్టాడు, ఆరోగ్యం చెడగొట్టుకున్నాడు. పని తనవల్ల పూర్తి కాదని తేలాక 1899లో ఎట్టయాపురం రాజా గారిని కలిసి, దీక్షితుల గారి దగ్గరున్నదంతా పుస్తకంగా వచ్చేట్టు చూడమని మొరపెట్టుకున్నాడు. ఇంటి విద్యని అచ్చులో పెట్టడానికి దీక్షితులు గారు మొదట వెంటనే సై అనలేదు. ఒప్పుకున్నాక మాత్రం ఏదీ దాచుకోలేదు. రెండు పెద్ద సంపుటాలు, ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండొందల పైచిలుకు. అన్నిటికీ స్వరం, తాళం, ఆ పైన గమకాల గుర్తులు.

ఆ గుర్తుల పట్టిక మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నించున్నాను. నమ్మండి.

కంపితం, అంటే స్వరాన్ని ఊపడం: ~~~
పైకి జారు: /
కిందకి జారు: \

ఇంటర్నెట్ ట్యాబ్‌లు చదివిన ఎవరికైనా ఈ మూడూ తెలుసు. స్వరాన్ని వణికించాలంటే ~~~, పై మెట్టుకి జారాలంటే /, కింద మెట్టుకి జారాలంటే \. అవే గుర్తులు, అదే అర్థం! అమెరికా కాలేజీ కుర్రాళ్ళు కీబోర్డు మీద ఏముందో చూసుకుని పెట్టుకున్న గుర్తుల్ని, వాళ్ళ ముత్తాతల నాడు ఒక అరవై దాటిన పెద్దాయన తెలుగు అచ్చులో వాడాడు. వీళ్ళు ఆయన్ని చూసి కాపీ కొట్టలేదు. వేలు పైకి జారితే గీత పైకి పోతుంది, ఎవడు రాసినా అంతే. అన్నీ కలుస్తాయనుకోకండి. ఇంటూ గుర్తు ట్యాబ్‌లో మూసిన తీగ, చప్పుడే తప్ప స్వరం ఉండదు. దీక్షితుల గారి పుస్తకంలో అది ఒదుక్కల్, అంటే ఒకే మెట్టు మీద ఉండి తీగని పక్కకి లాగి పై స్వరం పలికించడం. గిటార్ వాళ్ళు దాన్నే బెండ్ అంటారు. ఇంకో సంగతి, ఆయన గమకాలని నిర్వచించేటప్పుడు చాలాచోట్ల వీణ మీద ఏ వేలు ఏం చెయ్యాలో చెప్తారు. అంటే ఇది ఒట్టి స్వరలిపి కాదు, సగం ట్యాబ్.

ఇప్పుడు మా ఊరి గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. ఎడిసన్ అంటే మనవాళ్ళకి ఓక్ ట్రీ రోడ్డు, ఇడ్లీ, చీరల కొట్లు. కానీ ఈ ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు. 1954 దాకా దీని పేరు రారిటన్ టౌన్‌షిప్. ఇందులోని మెన్లో పార్క్‌లో థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఉండేది. 1877లో ఆయన ఫోనోగ్రాఫ్ చేసింది అక్కడే. ప్రయోగశాల ఇప్పుడు లేదు, ఆ చోట క్రిస్టీ స్ట్రీట్‌లో ఒక స్మారక స్తంభం, చిన్న మ్యూజియం ఉన్నాయి. ఒకాదివారం అమ్మని తీసికెళ్ళాను. మనిషి పాడింది మనిషి లేకుండా మళ్ళీ వినిపించడం మొదటిసారి సాధ్యపడింది మా ఇంటి నుంచి కారులో కాసేపు దూరంలోనన్నమాట. పైగా ఆ చేసినాయనకి చెవుడు!

1902లో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేశారు. దానికి రెండేళ్ళ తరవాత దీక్షితుల గారి పుస్తకం. పక్కపక్కనే పెట్టి చూడండి. ఒకటి గుర్తులతో మొత్తం పట్టుకోవాలని చూసింది. రెండోది గుర్తులే అక్కర్లేదంది. రికార్డు గెలిచింది, అందులో అనుమానం లేదు. ఇవాళ ట్యాబ్ అరకొరగా ఉన్నా నడుస్తోందంటే రికార్డు పుణ్యమే. మిగతా సగం రికార్డు చెప్తుంది. పూర్వం ఆ మిగతా సగం గురువు చెప్పేవాడు. రికార్డూ లేక, గురువూ లేక, నోట్‌బుక్ ఒక్కటే మిగిలితే ఏమవుతుందో మా ఇంట్లో కార్పెట్ మీద చూశాను.

ట్యాబ్ మళ్ళీ బతికిన కథ కూడా చెప్పేస్తాను, ఇది మా వృత్తివాళ్ళ కథ. ల్యూట్ పద్ధెనిమిదో శతాబ్దంలో మూలపడ్డాక ట్యాబూ దాదాపు మూలపడింది. గిటార్ పత్రికలు, పాఠ్యపుస్తకాల్లో మళ్ళీ తలెత్తింది. తరవాత యూజ్‌నెట్ వచ్చింది. అందులో బొమ్మలు పంపడం కష్టం, ఒట్టి అక్షరాలే పోయేవి. స్టాఫ్ నొటేషన్ అందులో ఇమడదు. ట్యాబ్‌కి కావల్సింది గీత, అంకె, అన్ని అక్షరాలూ ఒకే వెడల్పున్న ఫాంటు. అంతే! 1992లో నెవాడా యూనివర్సిటీ, లాస్ వేగస్ కంప్యూటర్ మీద ఇవన్నీ పోగేసి ఆల్గా అనే భండారం పెట్టారు. పాట విని, రాసి, ఊరికే పంచిపెట్టడం. 1996లో ఈఎంఐ పబ్లిషింగ్ నుంచి యూనివర్సిటీకి నోటీసు, అక్కణ్ణించి తీసేశారు. 1998లో హారీ ఫాక్స్ ఏజెన్సీ నుంచి ఇంకోటి. 2006లో సంగీత ప్రచురణకర్తల సంఘాల నుంచి మరోటి, దానితో సరి. ఆ తరవాత ట్యాబ్ సైట్లు లైసెన్సు కట్టి నడపడం మొదలైంది.

నా చెవితో విని నా చేత్తో రాసిన అంకెలు ఎవరివి? పాట కట్టినవాడిదే హక్కు అంటుంది చట్టం. పాట కట్టినవాడికి కూడు పెట్టేది అదే కాబట్టి కాదనలేను. కానీ రాయకుండా ఆపితే ఏం పోతుందో కూడా చూశాను. మన వైపు ఆపింది చట్టం కాదు. "చేతిలో ఉంటుంది" అన్న నమ్మకం. మాస్టార్ని తప్పు పట్టట్లేదు. ఆయన నేర్చుకున్నదీ అలాగే, ఆయన చేతిలో నిజంగానే ఉంది మరి.

అన్నట్టు వర్ణం సంగతి. ప్రదర్శినిలో భైరవి కింద "విరిబోణి" ఉంది, గుర్తులతో సహా. స్కాన్ చేసిన పేజీలు ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి అమ్మ ముందు పెట్టాను. మూడు రోజులు గుర్తులు చదవడమే సరిపోయింది. బేస్ తీగలు తాళ్ళలా ఉంటాయి, వీణ మీద లాగినట్టు లాగితే వేళ్ళు కోసుకుపోతాయి. "వీణ అన్నాను కానీ, ఇది దుంగకి చేంతాడు కట్టినట్టుందిరా" అని తిట్టుకుంటూనే వాయించింది.

నాలుగో రోజు సాయంత్రం ఒకచోట ఆగిపోయి తల అడ్డంగా ఊపింది. "ఇలా కాదు. మాస్టారు ఇక్కడ జారేవారు కాదు. ఇక్కడ ఆగి, ఊపి, అప్పుడు దిగేవారు." చేసి చూపించింది. అది ఆ పుస్తకంలో లేదు, నోట్‌బుక్‌లోనూ లేదు. మరి ఎక్కణ్ణించి వచ్చింది? నేను గబగబా పెన్సిల్ తీసుకుని నోట్‌బుక్‌లో ఆ స్వరం మీద ~~~ గీశాను.

తరవాత అదే పద్ధతి అయింది మాకు. దీక్షితుల గారు ఒకటి చెప్తారు, అమ్మ కాదంటుంది, కాదన్నచోటల్లా మాస్టారు బయటికొస్తారు. పుస్తకం అమ్మకి పాఠం చెప్పలేదు, పోట్లాడ్డానికి ఒక మనిషిని ఇచ్చింది. పల్లవి, అనుపల్లవి దాదాపు మొత్తం తేలింది. చిట్టస్వరాలు చాలామటుకు. చరణంలో ఎత్తుగడ స్వరాలు కొన్నిచోట్ల రాలేదు. అక్కడ అమ్మ ప్రదర్శిని గుర్తులు దింపుకోనివ్వలేదు. "అవి వాళ్ళవి, మాస్టారివి కావు. తెలీనప్పుడు తెలీదనే ఉండనీ" అని ప్రశ్నార్థకాలు పెట్టించింది. లెక్కపెట్టాను, పదకొండు.

ఫోన్లో రికార్డు కూడా చేశాను. వెనకాల కుక్కర్ విజిల్ పడింది, తీసెయ్యమంది, తియ్యలేదు.

అమ్మ వెళ్ళిపోయి రెండు నెలలైంది. నోట్‌బుక్ పట్టుకెళ్ళింది, ఒక నకలు నా దగ్గరుంది. ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది, అమ్మదో, అమ్మమ్మదో, మేనత్తదో. పెట్టెలో భద్రంగా ఉంది కదా అనుకోకండి. అందులో ఉన్నది సగమే. మిగతా సగం వాళ్ళ వేళ్ళల్లో ఉంటుంది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఓ మాట అడిగి చూడండి. వీణే అక్కర్లేదు, ఏదో ఒక దుంగ ఒళ్ళో పెట్టి కూచోబెట్టండి, పక్కన పెన్సిల్ పట్టుకుని మీరు కూచోండి.

ఫ్రిజ్ మీద 'గీతాంజలి' పాట ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు దాని మీద కూడా నాలుగైదు జార్లు, రెండు కంపితాలు చేరాయి. ఇప్పటికీ పాట పూర్తిగా రావట్లేదు గానీ, పాలవాడి పద్దులా మాత్రం లేదు.